కాయకమునకు మాట తోడు



ఈ సంచిక పాఠమునకు కాయకమును విషయముగా గైకొంటిని. కాయకమును గూర్చి మనము వినని యుపన్యాసము లేదు. బసవ జయంతి నాడు వేదిక నెక్కిన ప్రతి వక్తయు దానితోనే మొదలిడి దానితోనే ముగించును. వారిలో నేనును ఒకడనే. అయినను గడచిన వేసవిలో మా మేనల్లుడు నన్నడిగిన యొక ప్రశ్నకు ఆ యుపన్యాసములలో నాకు సమాధానము దొరకలేదు. పాత గ్రంథములను మరల తెరచి, ఎరిగిన కథలనే వాని ప్రశ్న యెదుట నుంచుకొని చదువవలసి వచ్చినది. అట్లు చదివినపుడు తోచిన సంగతులే ఈ పాఠము.

మా వాడు గగన్‌పహాడ్‌లోని యొక రేకుల కర్మాగారమున ఫోర్‌మన్. ఆ ఊరు ఎరుగనివారికి రెండు మాటలు చెప్పవలెను. హైదరాబాదు నుండి బెంగుళూరు రహదారిపై శంషాబాదునకు పోవునపుడు దారిలో తగులును. గగనమునంటు కొండ యని పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. 2008లో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైన నాటి నుండి ఆ గగనమునకు పని పెరిగినది. ఇంటి ముంగిట నిలిచి ఒక మాట చెప్పునంతలో విమానము తలమీదుగా పోవును, మాట మధ్యలో ఆపి మరల మొదలిడవలెను. క్రింద చిన్నచిన్న కర్మాగారములు, గిడ్డంగులు, లారీల నిలుపుదలలు. బ్రదుకుదెరువునకై జహీరాబాదు, నారాయణఖేడ్, బీదరు ప్రాంతముల నుండి వచ్చిన మన కుటుంబములవారు కొందరును ఆ షెడ్లలో పనిచేయుచున్నారు.

ఐ.టి.ఐ. చదివిన దినముల నుండి మా వానికి డై చేయుటయన్న ప్రాణము. డై యనగా రేకును ఒక్క దెబ్బతో కావలసిన యాకారమునకు కోయునట్టి, వంచునట్టి ఉక్కు అచ్చు. దాని యంచు వెంట్రుకవాసి తప్పినను రేకు చినుగును. విమానాశ్రయపు సరకుల గిడ్డంగిలో ఇంతకంటె ఎక్కువ జీతము గల నౌకరి దొరకినను, అక్కడ పెట్టెలు లెక్కపెట్టుటయే గదా యని వాడు పోలేదు. ఆ కోపము వాని తల్లికి, అనగా మా చెల్లెలికి, నేటికిని తీరలేదు. రెండేండ్ల క్రిందట వానిని పదునొకండుగురు పనివారిపై ఫోర్‌మన్‌ను చేసిరి. చిక్కులన్నియు అక్కడ మొదలైనవి.

పవర్ ప్రెస్సుపై పని జరుగు తీరును వాడు చాలనాళ్లు గమనించెను. పనివాడు కుడిచేత రేకును పెట్టును. కాలితో పెడలు త్రొక్కును. పై నుండి బరువు దిగి అచ్చు పడును. అదే కుడిచేత ముక్కను తీసి ప్రక్కన వేసి మరల రేకును పెట్టును. ఎడమచేయి చాలవరకు ఖాళీ. రేకును ఆపు స్టాపరును కొంచెము జరిపి, కుడిచేత పెట్టుట, ఎడమచేత తీయుట యని పనిని పంచినచో గంటకు వచ్చు ముక్కలు బాగుగా పెరుగునని వాడు లెక్కవేసెను. రాత్రులు మేలుకొని ఆంగ్లమున ఒక పుట నిండ వ్రాసి, టైపు చేయించి, యజమానికొక ప్రతి యిచ్చి, మరియొక ప్రతిని ప్రెస్సు ప్రక్క గోడకు అంటించెను. యజమాని ‘చూద్దాం’ అనెను. పనివారు ఆ కాగితము మీదుగా చొక్కాలు తగిలించుకొని మునుపటివలెనే పని చేసికొనిరి.

“మామా, నాకు పని వచ్చు, మాట రాదు. ఇంత ఇష్టపడి చేసినదానికి ఇక్కడ విలువ లేదు. కార్గోకే పోతా. ఏమంటవు?” అని వాడు నన్నడిగెను.

ఏమనవలెనో నాకు వెంటనే తోచలేదు. వాని ప్రశ్నలో పనిమీది యిష్టము, నలుగురిని నడపుట, తలపును ఎదుటివానికి చేర్చుట మూడును చిక్కుపడి యున్నవి. ఒకదానిని విప్పబోయిన రెండవది బిగియును.

ఇష్టమైన పనిని వెదకికొని దాని వెంట పొమ్మని నేటి యువకులకు అందరును చెప్పుచున్నారు. ఆ మాటలో తప్పు లేదు గాని అది సగము మాట. మన శరణుల పేర్లను చూడుడు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మేదర కేతయ్య వెదురు బుట్టలల్లెను. డోహర కక్కయ్య తోళ్లు ఊనెను. బసవన్నకు పూర్వుడైన జేడర దాసిమయ్య మగ్గము నేసెను. వీరందరును తమ పనిని పేరునకు ముందు నిలుపుకొనిరి. కాని వీరిలో ఎందరు తమ పనిని కోరి ఎన్నుకొనిరి? పుట్టిన ఇంటితో వచ్చిన పనులే యధికము. కోరి వచ్చినవాడు మోళిగె మారయ్య యొకడు కలడు. కాశ్మీర దేశమున రాజ్యము విడిచి కల్యాణమునకు వచ్చి కట్టెలమోపు లమ్మి బ్రదికెనని సంప్రదాయము. తక్కినవారికి ఇష్టము ముందు పుట్టి పని తరువాత వచ్చినది కాదు. చేయగా చేయగా, చేసినది నలుగురికి పనికిరాగా, ఇష్టము పుట్టినది. కాయముతో చేయునది కాయకము. మనస్సు దాని వెంట నడచి వచ్చును. మా వాని యదృష్టము వేరు, వానికి ఇష్టమే ముందు కలిగినది. కాని ముందు కలిగిన ఇష్టమునకు ఒక యపాయము కలదు. అది ‘నా పని’ యని పిడికిలి బిగించును.

నులియ చందయ్య కథ దీనికి మంచి సాక్ష్యము. శూన్యసంపాదనెలో ఈ కథ విరివిగా నున్నది. చందయ్య గడ్డి కోసి, పురి పెట్టి, త్రాళ్లు పేని అమ్మి, ఆ వచ్చినదానితో జంగమ దాసోహము చేయువాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారిపడెను. ఆయన ఆగలేదు, పని సాగించెను. లింగమే వెంటబడి వచ్చి తన్ను మరల ధరింపుమని వేడెనట. మాచయ్య నడుమ నిలిచి రాజీ కుదిర్చెను. లింగదేవుడు త్రాడు తీసికొనిపోయి అమ్మి రావలెనని నిర్ణయమైనది. బసవన్న ఆ త్రాటికి వేయి మాడలిచ్చెనట. చందయ్య సంతోషింపలేదు. త్రాటికి త్రాటి వెల యుండవలెను గాని ఇంత ధనమేల యని నిలదీసెను. మనము ఈ కథను వినునపుడు లింగము వెంటబడి వచ్చిన వింతయొద్దనే ఆగిపోదుము. నాకు మాత్రము త్రాటి వెల యొద్ద ఆగవలెనని తోచును. ఎంత ప్రేమతో పేనినను అది త్రాడే. కొన్నవానికి అది ఎంతవరకు పనికివచ్చునో అంతవరకే దాని విలువ. పనిని ప్రేమించువానికి ఈ లెక్క మింగుడుపడదు. రాత్రులు మేలుకొని వ్రాసిన పుటకు మా వాడు కోరినది వేయి మాడల వెల.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఇంకను సూక్ష్మమైనది. రాయచూరు సీమ నుండి కల్యాణమునకు వచ్చినవారు. బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలు వండి జంగములకు పెట్టి తాము ప్రసాదము గైకొనువారు. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ చూచి, ఈ యధికము మనది కాదు, ఎక్కడ నుండి తెచ్చితిరో అక్కడనే పోసి రండని పంపెను. పోసి వచ్చిన తరువాతనే పొయ్యి రాజేసినది.

ఈ కథలో కాయకము చేయువాడు మారయ్య. దానిని తప్పుదారి పోకుండ కాచినది లక్కమ్మ. పనిలో మునిగినవానికి తన కొలత తనకు కనబడదు. ప్రక్కనున్న మనిషికి కనబడును. ఆ మనిషి మాట వినబడు దూరములో నుండవలెను, చెప్పుటకు భయపడరాదు. మారయ్య ‘నీకేమి తెలియును’ అనలేదు. మన ఇండ్లలో ఆ మాట ఎన్ని సార్లు వినబడునో చదువరులే లెక్కించుకొందురు గాక.

ఇంత చెప్పినంత మాత్రమున ఇష్టము చిన్న విషయమని నా భావము కాదు. ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి గారికి వచనములపై గల ఇష్టమే లేకున్న మనకు వచన వాఙ్మయము ఈ రూపున దక్కెడిది కాదు. 1880లో ధారవాడలో పుట్టి విజయపురమున వకీలుగా నుండిన ఆయన, ఊరూర తాళపత్రములు సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించెను. తరువాత ముద్రణాలయము పెట్టుటకు సొంత ఇల్లు అమ్ముకొనెను. 1926లో శివానుభవ పత్రికను ఆరంభించెను. వకీలు వృత్తిలో రాగల ధనమును వదలుకొనెను. 1964లో లింగైక్యుడగు వరకు ఆ పని విడువలేదు. అయితే ఆయన ప్రేమించిన పని తన వచనము కాదు, ఇతరుల వచనము. తన పేరు మలిపుటలో నుండుటకు సమ్మతించిన ప్రేమ యది.

ఇక నలుగురిని నడపుట. దీనికి నేను సొన్నలిగె సిద్ధరామునికంటె మంచి పాఠము నెరుగను. సొన్నలిగె యనగా నేటి షోలాపురము. మన తెలుగు పద్మశాలీలు వేలకొలది స్థిరపడిన నగరము. సిద్ధరాముడు బాల్యముననే మల్లయ్యను వెదకుచు శ్రీశైలమునకు వచ్చినవాడు. తిరిగి పోయి సొన్నలిగెలో గుడులు కట్టించెను, పెద్ద చెరువు త్రవ్వించెను. రాఘవాంకుడు ఆయన చరిత్రమును కన్నడమున కావ్యముగా రచించెను. వందలకొలది ఒడ్డెరలు గడ్డపారలు పట్టి పనిచేయుచుండగా అల్లమప్రభువు అక్కడకు వచ్చిన ఘట్టము శూన్యసంపాదనెలో నున్నది. ప్రభువు వచ్చి, మీ ఒడ్డెర రాముడు ఎక్కడ నున్నాడని అడిగెను. పనివారికి కోపము వచ్చినది; తమ గురువును అంత మాట యనినవానిపై రాళ్లు రువ్విరి. రాళ్లు తగులలేదు. సిద్ధరాముడు మండిపడుచు వచ్చెను. ప్రభువు చలింపలేదు. ఆ వాదము పెద్దది. దాని సారము నాకు తోచినంతలో ఇది: చెరువు త్రవ్వించినవాడు తనలోని ‘నేను’ను త్రవ్వి తీసెనా? తుదకు సిద్ధరాముడు ప్రభువు వెంట కల్యాణమునకు పోయి చెన్నబసవన్న వలన ఇష్టలింగమును పొందెను.

ఇందు గమనింపవలసినది పనివారి రాళ్లు. వారు గురుభక్తితోనే రువ్విరి. కాని ఒక పరుష ప్రశ్న తమ నాయకుని దాక పోకుండ అడ్డుపడిరి. నాయకుడెంత గొప్పవాడైన అంత యెక్కువ రాళ్లు చుట్టును పోగుపడును. కర్మాగారమునందును మఠమునందును ఇది సమానము. మఠములవారు నన్ను క్షమింతురు గాక.

చెరువు మాట వచ్చినది గనుక గగన్‌పహాడ్ అప్ప చెరువును తలపక పోలేను. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు ఆ చెరువు కట్ట తెగి, నీరు బెంగుళూరు రహదారిపై పడి పారినది. దారి కోసుకొనిపోయినది, ప్రాణములు పోయినవి. 2024 ఆగష్టులో హైడ్రా సంస్థవారు ఆ చెరువులోని ఆక్రమణలను తొలగించిరి. నీరు ఏ దారిన పోవునో ఎరిగినవారు ప్రతి ఊరిలోను నలుగురుందురు. వారి మాట వినవలసినవారి దాక పోవు దారి మాత్రము తరచుగా పూడియుండును. చెరువు త్రవ్వుటకు ఒక సిద్ధరాముడు చాలును, కాచుటకు చాలడు.

బసవన్న ఆ దారి పూడకుండ ఏర్పాటు చేసెను. అదే అనుభవ మంటపము. అది రాతి కట్టడమా, మహామనెలో జరిగిన గోష్ఠియా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. మన పాఠమునకు ఆ వాదముతో పని లేదు. బసవన్న బిజ్జలుని భండారి. రాజ్యపు ధనమంతయు ఆయన చేతిమీదుగా పోవును. సభ ఆయనది, ఖర్చు ఆయనది, అన్నము ఆయనది. అయినను శూన్యసింహాసనమున ఆయన కూర్చుండలేదు, అల్లమప్రభువును కూర్చుండబెట్టెను. క్రింద పడవవాడు, చాకలి, త్రాళ్లు పేనువాడు, కట్టెలవాడు. అక్క మహాదేవి, ముక్తాయక్క, లక్కమ్మ. ప్రశ్నించుట యక్కడ ధిక్కారము కాదు, నియమము. అక్క మహాదేవి అంతటి యామెను లోనికి రానిచ్చుటకు ముందు ప్రభువు ఎంతగానో పరీక్షించెను; ఆమె ప్రతి మాటకు నిలిచి ఉత్తరమిచ్చెను. చౌడయ్య నోటి పదును కల్యాణమున అందరెరిగినదే. అటువంటి నోటిని సభలో నుండనిచ్చుట నాయకునికి సులభము కాదు.

ఈ సభ ఊరకే సాగలేదు. హరళయ్య కుమారునికి, మధువయ్య కుమార్తెకు జరిగిన వివాహము వలన 1167 ప్రాంతమున కల్యాణమంతయు అల్లకల్లోలమైనది. హరళయ్య, మధువయ్యలు ప్రాణములు కోల్పోయిరి, బిజ్జలుడు హతుడయ్యెను, శరణులు వచనముల కట్టలు మోసికొని నలుదిక్కుల చెదరిరి. అందరికి మాట యిచ్చిన సభ చెల్లించిన వెల యది. తేలికగా నాయకత్వమును బోధించువారు దీనిని మరువరాదు.

చెదరినవారి కథలలో కొన్ని మన నేలకు వచ్చినవి. ఇక్కడనే మా వాని మూడవ చిక్కునకు, మాటను చేర్చుటకు, తెలుగువారి గొప్ప యుదాహరణము దొరకును. పాల్కురికి సోమనాథుడు నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తివాడు. ఆయన సంస్కృతము రానివాడు కాడు. సంస్కృతమున సోమనాథ భాష్యము రచించెను. వృషాధిప శతకమున కన్నడము, తమిళము, మరాఠీ మొదలైన పలు భాషలలో పద్యములు చెప్పెను. అటువంటివాడు బసవ పురాణమును వ్రాయబూనినపుడు రాజసభలలో మన్ననగల వృత్తములను, గద్యమును ప్రక్కన పెట్టెను, ద్విపదను చేపట్టెను. ద్విపద యనగా రెండు పాదములు. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. దంచుచు, విసరుచు, నడచుచు పాడుకొనవచ్చును. ఒక్కసారి విన్న చెవికి పట్టును.

ద్విపద తక్కువ జాతిదని ఆక్షేపింతురని ఆయన ఎరుగును. కావుననే గ్రంథారంభమున తన యెన్నికకు కారణము చెప్పెను: పెద్ద పెద్ద గద్యపద్యముల కంటె జాను తెనుగు అందరికిని సులభముగా తెలియును. ఇది వినయోక్తి కాదు. ఎవరికై చెప్పుచున్నానో వారి చెవినిబట్టి రూపమును నిర్ణయించితినని ఎత్తిన గొంతుతో చెప్పుట. పండితుడు పండితులను కాదని వినువారిని ఎన్నుకొనెను. పండితారాధ్య చరిత్రమున ఆయన తుమ్మెద పదములు, ప్రభాత పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు మొదలైన పాటలను పేరుపేరున చెప్పినాడు. నాటి తెలుగునేలపై ఏమేమి పాటలుండెనో తెలిసికొనుటకు నేటి పరిశోధకులు ఆ పట్టికయొద్దకే పోవుదురు. చెప్పబోవు ముందు ఆయన ఎంత విన్నాడో ఆ పట్టికయే సాక్షి.

బెజ్జ మహాదేవి కథను చూడుడు. శివుడు నిరాకారుడు, అనాది, తల్లిదండ్రులు లేనివాడని శాస్త్రము. దీనిని వంటయింటిలోని తల్లికి ఎట్లు చెప్పవలెను? సోమనాథుడు ఆ తల్లినే కథలో పెట్టెను. పాపము, ఈ శివునకు తల్లి లేదు గదా. తల్లియే యున్న జుట్టు జడలు కట్టనిచ్చునా, వల్లకాటిలో తిరుగనిచ్చునా యని ఆమె దిగులుపడి, తానే తల్లియై లింగమునకు లాలపోసి, నూనె అంటి, కాటుక పెట్టును. శాస్త్రము ఒక్క ముక్కయు తప్పలేదు. వినువారి కడుపులోని దిగులు మీదుగా లోనికి పోయినది. పాలు త్రాగని లింగము ముందు ఏడ్చిన గొడగూచి కథయు అట్టిదే. తండ్రికి భయపడిన చిన్నపిల్ల మాట ఆమె యీడు మాటగానే యుండును.

అట్లు జాను తెనుగున పుట్టిన బసవ పురాణమును 1369లో భీమకవి కన్నడమునకు తీసికొనిపోయెను. బాగేవాడిలో పుట్టి కల్యాణమున వెలసిన బసవన్న చరిత్ర తెలుగు ద్విపదగా మారి, మరల కన్నడ షట్పదిగా తన పుట్టినింటికి చేరినది. పండితుల కొరకు వ్రాయబడి యుండినచో ఇంత దూరము నడచెడిదా యని నా సందేహము.

ఇక మేనల్లుని సంగతి. ఈ కథలన్నియు వానికి వినిపింపలేదు. వానికంత తీరిక లేదు, నాకంత ధైర్యము లేదు. ఒక్కటే అడిగితిని: “ఆ ప్రెస్సు మీద అందరికంటె పాతవాడెవరు? ఆయనకు చెప్పితివా?” బీహారు నుండి వచ్చిన పెద్దాయన యొకడున్నాడని, ఆయనకు ఆంగ్లము రాదని వాడనెను. తెలుగైన వచ్చునా యంటిని. అంతంతమాత్రమనెను. మరి గోడమీద కాగితమెవరికి పెట్టితివనగా వాడు తల వంచుకొనెను.

తరువాతి వారము వాడు చెక్కతో స్టాపరు నమూనా నొకటి చేసికొనెను. మధ్యాహ్నపు భోజనము వేళ, కరెంటు ఆపియుండగా, ఆ పెద్దాయనను పిలిచి, వచ్చీరాని హిందీలో కొంతయు, చేతులతో కొంతయు చెప్పి, “చాచా, ఇది బాగున్నదా?” అని అడిగెను. పెద్దాయన ఏమియు అనక మిషను ముందు నిలిచి, ఒట్టి చేతులతో క్రొత్త పద్ధతిని నటించి చూపెను. కుడిచేయి రేకును పెట్టినది. పెట్టగానే, ఇరువది ఏండ్ల అలవాటు వలన, కాలు తనంతట తాను పెడలుపై పడినది. ఎడమచేయి అప్పటికింకను లోపలి ముక్కను పట్టుకొనియే యున్నది. ఆయన అట్లే కదలక నిలిచి మా వాని వంక చూచెను. ఆయన ఎడమచేతికి రెండు వ్రేళ్లు లేవు. ఎప్పుడో మరియొక ఊరిలో, మరియొక ప్రెస్సు క్రింద పోయినవట.

నా మేనల్లుడు రెండు చేతులను లెక్కవేసెను. కాలిని లెక్కవేయలేదు. పనివారికి ఆ సంగతి కాగితము అంటించిన నాడే తెలిసినది. బొమ్మ చూచి గ్రహించిరట. చెప్పలేదేమని అడుగగా, మమ్మెవరు అడిగిరి, ఫోర్‌మన్ సాబ్ కాగితము గదా యనిరి.

ఆ రాత్రి వాడు నాకు ఫోను చేసి చాలసేపు మాటాడలేదు. ఆ కాగితమును పనివారు లక్ష్యపెట్టియుండిన ఏమగునో వాడును తలచుచుండెను, నేనును తలచుచుంటిని.

పెద్దాయన సూచన వేరు. అచ్చు వెనుక రేకుతో ఒక వాలు పలకను అమర్చినచో తయారైన ముక్క తనంతట తాను జారి డబ్బాలో పడును; ఎడమచేయి లోనికి పోనక్కరలేదు. వారిద్దరును కలసి దానిని చేసిరి. అది చేయుటలో మా వాని డై నేర్పంతయు పనికివచ్చినది, ముక్క జారు కోణమును నాలుగు సార్లు మార్చవలసి వచ్చినదట. గంటకు వచ్చు ముక్కలు పెరిగినవి గాని వాడు తొలుత లెక్కవేసినంత పెరుగలేదు. దానితోపాటు, రెండు చేతులతో రెండు మీటలను ఒక్కసారి నొక్కిన గాని బరువు దిగని యేర్పాటు చేయవలెనని యజమాని నడిగిరి. ఈసారి కాగితము లేదు. యజమానిని ప్రెస్సు యొద్దకు పిలిచి, కరెంటు ఆపి, పెద్దాయన తన చేతిని అచ్చు క్రింద నుంచి చూపెను. యజమాని ఆ దినమేమియు పలుకలేదు. పదిదినముల తరువాత ఒక ప్రెస్సుకు మీటలు తెప్పించెను. మిగిలిన మూడింటికి ఇంకను రావలసి యున్నవి. మా వాడు ప్రతి సోమవారమును గుర్తుచేయుచున్నాడట. కార్గో మాట మా చెల్లెలు మాత్రమే ఎత్తుచున్నది.